పేగుపూత ఉన్న పైలట్ కిట్: ఏది కొనాలి, ఏది దండగ

పేగుపూత, అంటే పేగులో ఎడతెగని వాపు, పుండ్లు (అల్సరేటివ్ కొలైటిస్, క్రోన్స్ అని రెండు రకాలు) ఉన్నవాళ్ల కోసమంటూ ఆన్‌లైన్‌లో అమ్మే ట్రావెల్ సరుకంతా ప్రయాణికుల కోసం చేసిందే. కడుపులో మెలిపెడితే ప్రయాణికుడు లేచి వెళ్తాడు. పైలట్‌కి ఆ వీలు అన్నివేళలా ఉండదు. 10,000 అడుగుల లోపు ఉన్నంతసేపు సీటు దిగే ప్రసక్తే లేదు. క్రూజ్‌లోకి, అంటే పైకి చేరి నిలకడగా ఎగిరే దశలోకి వెళ్లాక కూడా సంగతి విమానాన్ని బట్టి ఉంటుంది. ఎ320లో ముందు టాయిలెట్ కాక్‌పిట్ తలుపు పక్కనే. ఏటీఆర్ 72లో ముందు భాగం లగేజీది, టాయిలెట్ తోక దగ్గర. యూనిఫాంలో డెబ్బై మందికి పైగా ప్రయాణికుల మధ్యలోంచి నడిచి వెళ్లిరావాలి. హైదరాబాద్ నుంచి రాజమండ్రి, తిరుపతి, కడప లాంటి చిన్న సెక్టార్లలో ఎక్కడానికీ దిగడానికీ పోయే టైం తీసేస్తే లేవడానికి మిగిలేది కొద్ది నిమిషాలే.

దానికి తోడు గాలి. క్యాబిన్‌లో ఒత్తిడి 8,000 అడుగుల ఎత్తుకు సమానంగా ఉంటే పేగులోని గ్యాస్ నేలమీద ఉన్నదానికన్నా దాదాపు మూడో వంతు ఉబ్బుతుంది. 787, ఎ350 లాంటి వాటిలో 6,000 అడుగులకు మించనివ్వరు కాబట్టి ఉబ్బు నాలుగో వంతుకి తగ్గుతుంది. అల్సరేటివ్ కొలైటిస్ వాళ్లకి ఇది అసౌకర్యంతో పోతుంది. పేగు సన్నబడిన క్రోన్స్ వాళ్లకి నొప్పే వస్తుంది. ఎగురుతుండగా పైలట్ ఉన్నట్టుండి పని చేయలేని స్థితికి రావడానికి మొదటి కారణం గుండెపోటు అనుకుంటారు చాలామంది. నిజానికి ఆ స్థానం కడుపుదే.

అందుకని ఈ రివ్యూలో ప్రతి వస్తువుకీ వేసిన ప్రశ్నలు రెండే. వచ్చే నెల రోస్టర్‌లో అర్జెంటుగా లేవాల్సిన అవసరాన్ని ఇది నిజంగా తగ్గిస్తుందా? మెడికల్‌లోనో, బ్రెత్ ఎనలైజర్ దగ్గరో, డ్రగ్ టెస్టులోనో ఇది కొంప ముంచుతుందా? డోసులు, మందుల మార్పులు గ్యాస్ట్రో డాక్టరూ, ఏవియేషన్ డాక్టరూ కలిసి తేల్చాల్సినవి. ఇక్కడి అంకెలు వాళ్లతో మాట్లాడటానికి పనికొచ్చేవి మాత్రమే.

కాల్‌ప్రొటెక్టిన్ పరీక్ష: పెట్టిన ప్రతి రూపాయికీ విలువ

మొదటి స్థానం దీనికే. ఇది బ్యాగులో పెట్టుకునే వస్తువు కూడా కాదు. పేగు గోడలో వాపు ఉన్నప్పుడు తెల్ల రక్తకణాల నుంచి కాల్‌ప్రొటెక్టిన్ అనే ప్రొటీన్ మలంలోకి వస్తుంది. దాన్ని గ్రాముకు ఎన్ని మైక్రోగ్రాములో కొలుస్తారు. 50 లోపు ఉంటే పేగు ప్రశాంతంగా ఉన్నట్టు. 250 దాటితే జబ్బు రాజుకున్నట్టే లెక్క. మధ్యలో వస్తే కొన్ని వారాలాగి మళ్లీ చేయించాలి.

పైలట్‌కి దీని విలువ ఎక్కడంటే, రక్తం పడటం, మోషన్స్ పెరగడం మొదలయ్యే కొన్ని వారాల ముందే అంకె పైకి కదులుతుంది. ఆఫీసు ఉద్యోగికి అది సమాచారం. పైలట్‌కి అది గడువు. మెసలమిన్ (పేగు వాపు తగ్గించే రోజువారీ మందు) డోసు పెంచడమో, రాత్రి ఎనీమా (మలద్వారం నుంచి పెట్టే ద్రవ మందు) కలపడమో అప్పుడే చేస్తే నోటి స్టెరాయిడ్ల దాకా వెళ్లకుండా బయటపడే అవకాశం ఉంది. స్టెరాయిడ్ల దాకా వెళ్తే నిద్ర, మూడ్, షుగర్ అన్నీ కదులుతాయి, నెలల తరబడి నేలమీదే.

మూడు నెలలకోసారి, దానికి తోడు క్లాస్ 1 (పైలట్ మెడికల్ సర్టిఫికెట్) రెన్యూవల్‌కి ఆరు వారాల ముందొకసారి చేయించుకుంటే సరిపోతుంది. ఆరు వారాలు ఎందుకంటే, అంకె ఎక్కువొస్తే మందు మార్చి, పనిచేసిందో లేదో చూసి, మళ్లీ పరీక్ష చేయించే వ్యవధి ఉండాలి. వారం ముందు చేయించుకుంటే చేతిలో చెడ్డ కాగితం తప్ప ఏమీ మిగలదు.

పరీక్షలో తప్పులు ఎక్కడ వస్తాయో కూడా చూడాలి. ఒక్కో ల్యాబ్ ఒక్కో కిట్ వాడుతుంది, ఒకే శాంపిల్‌కి రెండు చోట్ల రెండు అంకెలు రావచ్చు. బేస్ మారినా ల్యాబ్ చైన్ మార్చకండి. ఉదయం మొదటి మోషన్ శాంపిల్ ఇవ్వాలి, కమోడ్ నీళ్లు తగలకూడదు. డబ్బా మూతకున్న చెంచాతో రెండు మూడు చోట్ల నుంచి తీస్తే నయం. ఎండాకాలం అయితే అదే రోజు ల్యాబ్‌కి చేర్చాలి, కారులో వదిలేయకూడదు. నడుం నొప్పికి ఐబుప్రొఫెన్, డైక్లోఫెనాక్ మింగి ఉంటే అంకె అబద్ధం చెప్తుంది. కనీసం రెండు వారాలు ఆపాక చేయించాలి. అసలు కాక్‌పిట్ సీటు నడుంనొప్పికి పేగుపూత ఉన్నవాళ్లు ఈ మాత్రల జోలికి పోకపోవడమే మేలు, అవి జబ్బునే రేపగలవు. పారాసెటమాల్‌తో సరిపెట్టుకోవాలి. పైల్స్ రక్తం, లేఓవర్‌లో (డ్యూటీ మధ్య వేరే ఊళ్లో బస) తిన్నది పడక వచ్చిన విరేచనాలు కూడా అంకెను పెంచుతాయి. అలాంటప్పుడు స్టూల్ కల్చర్, సి. డిఫిసిల్ (విరేచనాలు తెచ్చే బ్యాక్టీరియా) పరీక్ష కూడా చేయించకుండా ఫ్లేర్, అంటే జబ్బు రేగడం అని తేల్చకూడదు.

విదేశాల్లో ఎగురుతున్న మనవాళ్లకి ఐబీడాక్ లాంటి హోమ్ కిట్లు దొరుకుతాయి. ఫోన్ కెమెరాతో క్యాసెట్‌ని చదివి అంకె చెప్తాయి. ట్రెండ్ చూసుకోవడానికి బాగున్నాయి. కాకపోతే వాళ్ల జాబితాలో ఉన్న ఫోన్ మోడల్ అయితేనే పనిచేస్తాయి, పైగా మెడికల్ ఫైల్లో పెట్టుకోవడానికి ల్యాబ్ రిపోర్టే కావాలి.

మెసలమిన్: మాత్ర, సాషే, ఎనీమా

అల్సరేటివ్ కొలైటిస్‌లో రోజూ వాడే మందు ఇదే. మన దగ్గర మెసాకాల్, పెంటాసా పేర్లతో ఎక్కువగా చూస్తాం. జబ్బు అణిగి ఉన్నప్పుడు సాధారణంగా రోజుకు 2 గ్రాముల చుట్టూ, రేగినప్పుడు 4 గ్రాముల పైదాకా వాడతారు. ఈ మొత్తాన్ని మూడు పూటలుగా విడగొట్టి రాసే అలవాటు ఇంకా పోలేదు. అణిగి ఉన్న జబ్బుకి ఒకే పూట వేసుకున్నా ఫలితం తగ్గదు. తెల్లవారుజామున 4కి రిపోర్టింగ్, మర్నాడు రాత్రి డ్యూటీ ఉండే మనిషికి మూడు పూటల మందు రాయడమంటే మూడో వంతు డోసు మర్చిపొమ్మని చెప్పడమే. ఒకే పూటకి మార్చమని డాక్టర్‌ని నోరు తెరిచి అడగాలి. టైం కూడా గడియారాన్ని బట్టి వద్దు. ఐఎస్‌టీ (మన టైం), యూటీసీ (విమానయానంలో వాడే ప్రపంచ టైం) గందరగోళంలో పడకుండా, నిద్ర లేచాక తినే మొదటి తిండితో వేసుకోవడం అని పెట్టుకుంటే రోస్టర్ ఎటు తిరిగినా తప్పదు.

మాత్రా, గింజల సాషేనా అంటే ఫ్లైట్ బ్యాగుకి సాషేకే ఓటు. మాత్రల్లో చాలావాటికి పూత పేగులో ఒక పీహెచ్ దగ్గరే కరుగుతుంది. మోషన్ వేగంగా వెళ్తున్న రోజుల్లో కరగకుండా మాత్ర మాత్రగానే బయటపడొచ్చు. కమోడ్‌లో చెక్కుచెదరని మాత్ర కనిపిస్తే ఆ డోసు పోయినట్టే, డాక్టర్‌కి చెప్పాలి. పెంటాసా సాషేలో సన్నటి గింజలుంటాయి. చిన్నపేగు నుంచే మందు కొద్దికొద్దిగా వదులుతుంటాయి. నాలుక మీద పోసుకుని నీళ్లతో మింగేయాలి, నమలకూడదు. ఈ గింజల పై పొట్టు మోషన్‌లో కనిపించడం మామూలే, మందు పని చేయలేదని కంగారు పడక్కర్లేదు. ఫ్రిజ్ అక్కర్లేదు, బ్యాగులో చితకదు. లోపమల్లా ధర.

సల్ఫాసలజీన్ చాలా చవక, కీళ్లనొప్పులు కూడా ఉన్నవాళ్లకి నిజంగానే మేలు. కానీ రోజుకు చాలా మాత్రలు, తలనొప్పి, వికారం, తోడుగా ఫోలిక్ యాసిడ్. సాఫ్ట్ కాంటాక్ట్ లెన్సులు వాడే పైలట్లు ఒకటి గుర్తుంచుకోవాలి: ఈ మందు లెన్సుల్ని పసుపు పట్టిస్తుంది. సల్ఫా పడనివాళ్లకి అసలే వద్దు.

జబ్బు మలద్వారం దగ్గర, ఎడమ వైపు మాత్రమే ఉన్నవాళ్లకి నోటి మందు కన్నా కిందనుంచి పెట్టుకునే మందు బాగా పనిచేస్తుంది. అర్జెన్సీని తగ్గించడంలో దీని సాటి ఇంకోటి లేదు. అయినా సిగ్గుతో మనవాళ్లు దీన్నే ముందు మానేస్తారు. 1 గ్రాము సపోజిటరీ (మలద్వారంలో పెట్టే మాత్ర) లేఓవర్‌కి సులువు. ఎండలో పెట్టిన బ్యాగులో మెత్తబడుతుంది, అంతే జాగ్రత్త. 60 మి.లీ. ఎనీమాకి మాత్రం తీరిక కావాలి. ఎడమ పక్కకి తిరిగి పడుకుని, ముందు బాటిల్‌ని అరచేతుల్లో కాసేపు వెచ్చబెట్టి, నెమ్మదిగా నొక్కి, కనీసం అరగంట అలాగే ఉండాలి. రాత్రంతా నిలిస్తే ఇంకా మంచిది. చల్లగా, గబగబా పెడితే పేగు బిగదీసుకుని వెంటనే బయటికి తోసేస్తుంది. మర్నాడు పొద్దున్నే రిపోర్టింగ్ ఉన్న రాత్రి దీన్ని పెట్టుకోవద్దు, నిద్ర చెడుతుంది. జబ్బు అణిగాక వారానికి రెండు మూడు రాత్రులు చాలన్నది డాక్టర్ ఒప్పుకుంటే, ఆ రాత్రుల్ని ఆఫ్ రోజులకి సర్దుకోవచ్చు. హోటల్ దుప్పటి మీద మరక పడితే పోదు, పాత టవల్ ఒకటి వెంట ఉండాలి.

మెసలమిన్ ఏ రూపంలో వాడినా ఏడాదికి ఒకసారైనా క్రియాటినిన్ చూపించాలి. అరుదుగా కిడ్నీని దెబ్బతీస్తుంది, ముందుగా పైకి ఏమీ తెలియదు. ఇంకో అరుదైన సంగతి: మందు మొదలెట్టిన కొద్ది వారాల్లోనే విరేచనాలు, జ్వరం పెరిగితే అది జబ్బు కాక మందు పడకపోవడం కావచ్చు.

నీటితో చల్లబడే పౌచ్: విశాఖలో ఫెయిల్

పేగు వాపుని అణిచే అడాలిముమాబ్ అనే ఇంజెక్షన్ పెన్‌ని 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉంచాలి. బయట అయితే 25 డిగ్రీలు దాటకుండా 14 రోజుల వరకు ఫరవాలేదని అసలు బ్రాండు లేబుల్ చెప్తుంది. కొన్ని బయోసిమిలర్లకి (అదే మందుకి వేరే కంపెనీల రూపాలు) ఇంకాస్త వెసులుబాటుంది, పెట్టెలోని కాగితం చూడాలి. ఈ 25 అన్న అంకె చుట్టూనే ఫ్రియో తరహా పౌచ్‌ల వ్యాపారం నడుస్తోంది. అసలవి ఇన్సులిన్ కోసం పుట్టినవి.

పనిచేసే తీరు సులువు. లోపల నీళ్లు పీల్చే స్ఫటికాలుంటాయి. చల్లటి నీళ్లలో 5 నుంచి 10 నిమిషాలు నానబెడితే ఉబ్బి జెల్ అవుతాయి. నీరు ఆవిరయ్యేకొద్దీ లోపలి వస్తువు చల్లబడుతుంది. అంటే ఎంత గొప్ప పౌచ్ అయినా గాలిలోని తేమ అనుమతించినంత వరకే చల్లబరుస్తుంది. మే నెల హైదరాబాద్‌లో 42 డిగ్రీలు, తేమ 20 శాతం అనుకోండి. తడిగుడ్డ చల్లదనం 24 డిగ్రీల దాకా దిగగలదు. పౌచ్ దానికి దగ్గరగా వస్తుంది, బొటాబొటిగా పాస్. అదే విశాఖలోనో చెన్నైలోనో 34 డిగ్రీలు, తేమ 75 శాతం ఉంటే దిగగలిగేది 30 దాకానే. 25 డిగ్రీల లేబుల్ ఉన్న మందుకి అది చాలదు. ఇది కంపెనీ లోపం కాదు, ఆవిరి లక్షణమే అంత. ఎండ తక్కువగా అనిపించే ఊళ్లోనే పౌచ్ ఓడిపోతుందన్నది కొనేవాళ్లలో చాలామందికి తట్టదు.

వాడకంలో జరిగే తప్పులు కూడా ఇలాంటివే. గాలి తగలకుండా ఫ్లైట్ బ్యాగు అడుగున కుక్కితే ఆవిరే అవదు. ప్లాస్టిక్ కవర్లో చుడితే అంతకన్నా దండగ. ఎక్కువసేపు నానబెడితే రొట్టెలా ఉబ్బి పెన్ దూరదు. ఇన్సులిన్ పెన్ సైజు పౌచ్ కొంటే అడాలిముమాబ్ పెన్‌కి బిగుతు, పెద్ద సైజే తీసుకోవాలి. పెన్ అట్టపెట్టె తడవకుండా లోపల చిన్న జిప్ కవర్ వేసుకోవచ్చు, దాంతో నష్టం లేదు. ట్రిప్ అయ్యాక పూర్తిగా ఆరకుండా మడిచి పెడితే బూజు పడుతుంది. జెల్ ఆరడానికి రోజులు, ఒక్కోసారి వారాలు పడుతుంది.

ఇంతకీ ఇది చాలామంది పైలట్లకి అక్కర్లేదు. ఇంజెక్షన్ రెండు వారాలకోసారి. ఇంట్లో ఫ్రిజ్‌లో ఉంచి, వారానికి వచ్చే 48 గంటల రెస్ట్ మొదట్లో వేసుకుంటే సరి. సూది దగ్గర వాపు, ఒకరోజు నీరసం ఏమైనా ఉంటే రెస్ట్‌లోనే పోతాయి. డోసు తర్వాత ఎన్ని గంటలు ఎగరకూడదో ఎయిర్‌లైన్ డాక్టర్ దగ్గర రాతలో తీసుకోవాలి. వారాల తరబడి సిమ్యులేటర్ ట్రైనింగ్, ఇంకో బేస్‌లో డెప్యుటేషన్ ఉన్నప్పుడే పెన్ మోయాల్సి వస్తుంది. తేమ ఊళ్లకి వెళ్లేటప్పుడు పౌచ్ వదిలేసి మంచి ఇన్సులేషన్ ఉన్న డబ్బా, జెల్ ప్యాక్‌లు తీసుకెళ్లాలి.

అక్కడ ఇంకో ప్రమాదం ఉంది. డీప్ ఫ్రీజర్ నుంచి తీసిన జెల్ ప్యాక్ పెన్‌కి నేరుగా తగిలితే మందు గడ్డకడుతుంది. గడ్డకట్టి కరిగిన మందు చూడ్డానికి బాగానే ఉన్నా పారేయాల్సిందే. టీకాల కోల్డ్ చెయిన్‌లో ఏఎన్ఎమ్‌లు చేసినట్టే చేయాలి: జెల్ ప్యాక్‌ని బయటపెట్టి, పైన చెమట పట్టి, ఊపితే లోపల నీరు కదిలేదాకా ఆగి, మధ్యలో అట్టముక్క పెట్టి సర్దాలి. హోటల్ మినీబార్‌ని నమ్మొద్దు. కొన్నిటిలో కార్డు తీయగానే కరెంటు పోతుంది, కొన్ని 12 డిగ్రీల కిందికి దిగవు, ఇంకొన్నిటిలో వెనక గోడకి ఆనిస్తే గడ్డకడుతుంది. చిన్న డిజిటల్ థర్మామీటర్, కనిష్ఠం గరిష్ఠం చూపించేది, ఒకటి లోపల పడేస్తే తెల్లారేసరికి నిజం తెలుస్తుంది. చెక్-ఇన్ లగేజీలో మాత్రం పెన్ వేయొద్దు. నిలిపి ఉంచిన విమానం కాక్‌పిట్‌లో కూడా వదలొద్దు, ఏసీ లేని కాక్‌పిట్ మే నెల మధ్యాహ్నం కొలిమే. సెక్యూరిటీ దగ్గర మందు జెనరిక్ పేరుతో ఉన్న ప్రిస్క్రిప్షన్ ఉంటే ఇబ్బంది ఉండదు.

ఫ్రిజ్ గొడవే లేదు కదా అని టోఫాసిటినిబ్ మాత్రల వైపు చూసేవాళ్లున్నారు. జెనరిక్‌లు వచ్చాక చవక కూడా. కానీ రక్తం గడ్డలు, సర్పి విషయంలో హెచ్చరికలున్న మందు అది, గంటలకొద్దీ కూర్చునే ఉద్యోగంలో తేలిగ్గా తీసుకునేది కాదు. ఎనిమిది వారాలకోసారి ఆసుపత్రిలో ఎక్కించే వెడోలిజుమాబ్ పేగుకే పరిమితంగా పనిచేస్తుంది, మోయాల్సింది ఏమీ లేదు. దాని ఇబ్బంది ఖర్చే. అడాలిముమాబ్, అదే తరహా ఇన్‌ఫ్లిక్సిమాబ్ మొదలెట్టే ముందు టీబీ, హెపటైటిస్ బి పరీక్షలు మన దేశంలో వదిలేయకూడనివి. రోగనిరోధక శక్తిని తగ్గించే అజాథయోప్రిన్ మాత్రకి ముందు ఎన్‌యూడీటీ15 జన్యు పరీక్ష అడగండి. ఆసియా వాళ్లలో తెల్లకణాలు పడిపోవడానికి టీపీఎంటీ అనే ఇంకో జన్యువు కన్నా ఇదే ముఖ్యమైన కారణం.

ఓఆర్‌ఎస్

పొడి ప్యాకెట్ కొనండి, డబ్బా డ్రింకు వద్దు. ప్రపంచ ఆరోగ్య సంస్థ సూత్రం ప్రకారం లీటరుకు 13.5 గ్రాముల గ్లూకోజ్, 2.6 గ్రాముల ఉప్పు, 1.5 గ్రాముల పొటాషియం క్లోరైడ్, 2.9 గ్రాముల సిట్రేట్ ఉండాలి. ఓఆర్‌ఎస్ పేరు పెట్టుకుని అమ్మిన టెట్రాప్యాక్‌లలో దీనికి ఎన్నో రెట్లు చక్కెర ఉండేది. అంత చక్కెర పేగులోకి నీటిని లాగి విరేచనాన్ని పెంచుతుంది. హైదరాబాద్ పిల్లల డాక్టర్ శివరంజని సంతోష్ ఏళ్ల తరబడి చేసిన పోరాటం తర్వాత 2025 అక్టోబరులో ఆహార భద్రతా సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ ఆ పేరు వాడకూడదని ఆదేశించింది. ఇప్పటికీ విమానాశ్రయం షాపులో కొనేముందు వెనక రాసింది చదవాలి. బ్యాగుకి 200 మి.లీ. చిన్న ప్యాకెట్లు నయం. పెద్ద ప్యాకెట్‌ని అంచనాగా సగం పోసి కలిపితే లెక్క తప్పుతుంది.

కొనకూడనివి

నార్మాక్సిన్, లిబ్రాక్స్ లాంటివి మెడికల్ షాపులో కడుపునొప్పికి చేతిలో పెట్టేస్తారు. రెండింట్లోనూ 5 మి.గ్రా. క్లోర్‌డయాజిపాక్సైడ్ ఉంది, అంటే బెంజోడయాజిపైన్. మత్తు ఒక్కటే కాదు, దాంతో కలిసి ఉండే మందు దగ్గరి చూపును మసకబారుస్తుంది, అప్రోచ్ చార్టు చదవాల్సిన కళ్లకి అది తగదు. 2022 నుంచి విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ యాదృచ్ఛికంగా చేయించే డ్రగ్ టెస్టులో వెతికే వర్గాల్లో బెంజోడయాజిపైన్లు, ఓపియేట్లు రెండూ ఉన్నాయి. కొడీన్, ట్రామడాల్ కలిసిన నొప్పి మాత్రలకీ దూరం.

రెండోది కుటజారిష్టం. ఇంట్లో పెద్దవాళ్లు ‘విరేచనాలకి మంచిది నాన్నా, నాలుగు చెంచాలు తాగు’ అంటారు. అరిష్టాలు, ఆసవాలు పులియబెట్టి చేసేవి, వాటిలో ఆల్కహాల్ సహజంగానే పుడుతుంది. మౌత్‌వాష్‌నే వద్దన్న నిబంధన మనది. బ్రెత్ ఎనలైజర్‌లో మొదటిసారి దొరికినా లైసెన్సు మూడు నెలలు సస్పెండ్. సీసా మీద ఆయుర్వేదం అని ఉన్నా యంత్రానికి తేడా తెలీదు.

విరేచనాలు ఆపే లోపెరమైడ్ 2 మి.గ్రా. మాత్ర నేలమీద, జబ్బు అణిగి ఉన్నప్పుడు, డాక్టర్‌కి తెలిసి వాడుకోవచ్చు. రక్తం, జ్వరం ఉన్న ఫ్లేర్‌లో వాడితే పెద్దపేగు ప్రమాదకరంగా ఉబ్బిపోవచ్చు. డ్యూటీకి ముందు అది మింగితే తప్ప వెళ్లలేని పరిస్థితి ఉంటే ఆ రోజు సిక్ రిపోర్ట్ చేయాల్సిన రోజు.

ఫైలు

ఖర్చు లేని వస్తువు ఇది, కానీ మెడికల్ బోర్డు ముందు మిగతావన్నీ దీని తర్వాతే. ఒక ఫోల్డర్, తేదీల వరుసలో. చివరి కొలనోస్కోపీ, బయాప్సీ రిపోర్టు, ఏడాది కాల్‌ప్రొటెక్టిన్ అంకెలు ఒకే పేజీలో, సీబీపీ, లివర్, క్రియాటినిన్, ఐరన్. హిమోగ్లోబిన్ తక్కువుంటే ముందే సరిచేసుకోవాలి, జబ్బు అణిగినా రక్తహీనతతో అన్‌ఫిట్ కావచ్చు. గ్యాస్ట్రో డాక్టర్ లేఖలో ‘పేషెంట్ ఈజ్ స్టేబుల్’ అన్న ఒక్క లైను ఉంటే బోర్డు మళ్లీ వెనక్కి పంపుతుంది. జబ్బు పేగులో ఎంతమేర ఉంది, చివరి ఫ్లేర్ ఎప్పుడు, స్టెరాయిడ్ ఆపింది ఏ తేదీన, ఇప్పటి మందులు జెనరిక్ పేరుతో డోసుతో సహా, వాటివల్ల మత్తుగానీ చూపు తేడాగానీ ఉందా లేదా, రోజుకు మోషన్స్ ఎన్ని, రాత్రి లేవాల్సి వస్తోందా, అర్జెన్సీ ఉందా, మళ్లీ చూపించుకోవాల్సింది ఎప్పుడు. ఇవన్నీ ఉండాలి. మందు మారిన ప్రతిసారీ తర్వాతి మెడికల్ దాకా దాచకుండా కంపెనీ డాక్టర్‌కి అప్పుడే చెప్పి, ఆ మెయిల్ ప్రింటు కూడా అదే ఫోల్డర్‌లో పెట్టాలి.